ఆగిన గీత

సిస్టర్ నల్ల కవరు తీసి సిరంజిని పైకెత్తగానే నా కళ్ళు వాటంతట అవే పనిలోకి దిగిపోయాయి, ఇది దానిమ్మగింజ ఎరుపు కాదు, ఇటుక ఎరుపు కాదు, అప్పుడే తెగిన వేలి ఎరుపు అంతకన్నా కాదు, రక్తం వెలుతురుకి అడ్డం నిలబడుతుంది, ఇది మాత్రం కిటికీలోంచి వచ్చే వెలుతుర్ని తనలోంచి కత్తిలా దూసుకుపోనిస్తోంది, అంచున రవ్వంత నారింజ ఛాయ, మా అద్దకం మిల్లులో అయితే నమూనా గుడ్డముక్క మీద ఈ రంగు చూసి ‘బాగుంది గాని కోపంగా ఉంది, తగ్గించండి’ అని రాసి వెనక్కి పంపేవాణ్ణి. ఇప్పుడు వెనక్కి పంపే అధికారం నాకు లేదు. ఇప్పుడు గుడ్డముక్కని నేనే. ఆమె చేతులకి ఒకదాని మీద ఒకటి రెండు తొడుగులు, ఒంటి మీద మందపాటి గౌను, కళ్ళకి అద్దాలు, ఈ నీళ్ళు ఒక్క చుక్క తన చర్మం మీద పడకూడదని అంత కట్టుదిట్టం, ఆ సిరంజి మొత్తం నా ఒంట్లోకి. నవ్వొచ్చింది గాని నోట్లో ఐసుముక్క ఉంది, నోరంతా పుళ్ళు పడకుండా మందు ఎక్కుతున్నంతసేపూ చప్పరించమని ఇచ్చింది, నవ్వితే జారిపోతుంది. సూది గుచ్చే ముందు వేడినీళ్ళ సంచీ తెచ్చి నా చేతి మీద పెట్టింది, నరం పైకి తేలాలని. ఆ సంచీకి మెత్తటి తువ్వాలు చుట్టి మరీ తెచ్చింది. చంపే మందు తెచ్చిన మనిషే వేడి తగలకుండా తువ్వాలు చుట్టింది, దీన్నేమంటారో నాకు తెలియదు, దయ అనే అనుకుంటాను.

“బాబాయ్ గారూ, మళ్ళీ చెబుతున్నా. మంట పుట్టినా, పోటు వచ్చినా, చీమ కుట్టినట్టున్నా సరే, వెంటనే చెప్పాలి. ఓర్చుకున్నారని ఇక్కడెవరూ దండ వెయ్యరు.”

“అలాగేనమ్మా.”

“ప్రతిసారీ అలాగేనంటారు.”

“ఆయన చెప్పడు సిస్టర్,” అంది ఎదురు కుర్చీలోంచి కండక్టరమ్మ. “ఆయన్ని బస్సు కింద తోసినా, డ్రైవరుగారికి ఇబ్బందేమో అని పక్కకి జరుగుతాడు.”

గదిలో ఆడవాళ్ళంతా నవ్వారు. ఆడవాళ్ళంతా అంటే నేను తప్ప అందరూ. మగవాడికి రొమ్ములో గడ్డ వస్తుందని నాకు రాకముందు నాకూ తెలియదు, ఆడవాళ్ళ జబ్బు మీకెలా వచ్చిందండీ అని చూడ్డానికొచ్చినవాళ్ళు అడుగుతారు, మా ఆవిడ ఉండి ఉంటే నా బదులు తనే చెప్పేది, ‘నేను వదిలేసి పోయినవన్నీ ఈయన ఒక్కటీ పారేయకుండా దాచుకున్నాడు, ఇదీ వాటిల్లో ఎక్కడో దొరికి ఉంటుంది’ అని. ఎడమవైపు ఛాతీ కోసేశారు, చంకలో గ్రంథులు తీసేశారు, ఇక ఆ చేతికి సూది గుచ్చకూడదట, గుచ్చితే వాచి దుంగలా అయిపోతుందట, మెడ కింద చిన్న గొట్టం పెట్టించుకుంటే చేతుల్ని వదిలేయొచ్చన్నారు, ఇంకో కోత నా వల్ల కాదన్నాను, కనక మిగిలింది ఈ కుడిచెయ్యి ఒక్కటే. మొదటిరోజు ఈ గదిలోకి వచ్చినప్పుడు ‘మీ ఆవిడ ఏరీ’ అని అడిగింది గుమ్మం దగ్గరి అమ్మాయి, పేషెంటు నేనే అన్నాను, లోపల మాటలు ఆగిపోయాయి, తలల మీది గుడ్డలు సర్దుకున్నారు, పమిటలు సర్దుకున్నారు, నేను వెనక్కి తిరిగి పారిపోదామనుకునేలోపు ఒక గుండు తల ఆవిడ గొంతు చించుకుని పిలిచింది, ‘రా అన్నయ్యా, లేడీస్ సీట్లే గాని ఖాళీగానే ఉన్నాయి, కూర్చో!’ అని. ఆమె సిటీ బస్సు కండక్టరు. అప్పట్నించీ ఈ గదికంతా నేను అన్నయ్యని.

వెళ్తోంది. సెలైన్ గొట్టం పక్కనున్న చిన్న రెక్కలోంచి సిస్టర్ బొటనవేలితో కొంచెం కొంచెంగా తోస్తోంది, తోసి, ఆగి, వెనక్కి లాగి, గొట్టంలో నా రక్తం తోకలా కనిపించాక మళ్ళీ తోస్తోంది. పారదర్శకంగా ఉన్న గొట్టం ఎర్రబడింది. మోచేతి లోపలి నుంచి చల్లగా పైకి పాకుతోంది, భుజం దాటింది, ఇక ఎక్కడుందో నాకు తెలియదు, కాని ఏం చెయ్యబోతోందో తెలుసు, ఊరికే డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన పాపానికి డాక్టరుగారిని అడిగి బొమ్మ వేయించుకున్నాను. మట్టిలో పుట్టింది ఇది. మట్టిలో బతికే కంటికి కనిపించని జీవి ఒకటి, పక్కనున్నవాళ్ళని చంపి చోటు చేసుకోవడానికి ఈ ఎరుపుని తయారుచేసుకుంటుందట, పిడికెడు మట్టి తీస్తే అందులో ఒక ఊచకోత జరుగుతున్నట్టే, మనం దాని మీద నడుస్తాం, చెప్పులు దులుపుకుంటాం. ఆ కత్తిని మనిషి దొంగిలించాడు. నాలుగు బల్లపరుపు గదుల్ని పక్కపక్కన కట్టినట్టుంటుంది దీని ఆకారం, మిల్లులో నేను ముప్ఫయ్యేళ్ళు ఉడికించిన ఎర్ర రంగులకి వేలువిడిచిన చుట్టం, బల్లపరుపుగా ఉండేది ఏదైనా సందులోకి జారుతుంది, ఇది ప్రతి కణంలోనూ మన ప్రాణం రాసి ఉన్న, నిచ్చెనలాంటి మెలిదారంలోకి జారుతుంది, మెట్టుకీ మెట్టుకీ మధ్య. అక్కడ ఒక పనివాడు ఉంటాడట, మెలి బిగిసిపోయినప్పుడు దారాన్ని తెంపి, ఒక చుట్టు వదులుచేసి, మళ్ళీ ముడివేసేవాడు, రోజంతా అదే పని. ఇది వాణ్ణి తెంపనిస్తుంది. తెంపాక చెయ్యి పట్టుకుంటుంది. ముడి వెయ్యనివ్వదు. అంతే. దారం తెగి వేలాడుతుంది, పక్కన ఇంకోటి, ఇంకోటి, కార్ఖానా అంతా తెగిన పోగులు, విభజించుకుందామని వచ్చిన కణం తన పుస్తకం తెరిచి చూస్తే పేజీలన్నీ చింపేసి ఉంటాయి, ఇక అది తనని తానే చంపుకుంటుంది. గడ్డలోదైనా, తలమీదిదైనా, నాలుక మీదిదైనా. త్వరగా పెరిగేదే నేరస్థుడు. అందుకే జుట్టు ఊడింది, స్నానం చేస్తుంటే గుప్పెళ్ళకొద్దీ వచ్చేసింది, ఎవరో వెనక నిలబడి పీకుతున్నట్టు. ఇనుము దొరికితే గుండెలో నిప్పురవ్వలు కూడా పుట్టిస్తుందట, అందుకే జీవితం మొత్తానికి ఇంతేనని ఒక హద్దు గీశారు, ఆ హద్దు దాటితే గడ్డ పోయినా గుండె ఆగిపోతుంది. ఇంటికెళ్ళాక ఒంటికి పోస్తే ఎర్రగా వస్తుంది, భయపడకండి అని చెప్పింది సిస్టర్ మొదటిసారి, నేను భయపడలేదు, మిల్లు వెనక కాలవ రోజూ ఏదో ఒక రంగులో పారేది, ఈ రోజు ఏ బ్యాచ్ నడుస్తోందో కాలవ చూసి చెప్పేవాళ్ళం.

బ్యాచ్ నడుస్తుండగా ఆపొద్దు. మిల్లులో మొదటిరోజు నేర్పేది ఇదే, చివరిరోజు దాకా మర్చిపోలేనిదీ ఇదే. గుడ్డ రోలర్ల మీద నుంచి మరుగుతున్న రంగు తొట్టిలోకి దిగి, లేచి, మళ్ళీ దిగి, తిరుగుతూనే ఉండాలి, ఎక్కడైనా ఒక్క క్షణం ఆగిందంటే ఆగినచోట రంగు ఎక్కువ తాగేస్తుంది, నిలువునా ఒక ముదురు గీత పడుతుంది, ఆగిన గీత అంటాం దాన్ని, ఇక ఎన్నిసార్లు ఉతికినా పోదు, గుడ్డ తాను మొత్తం పాడు. ఆపినవాడి పేరు ఆ రోజంతా మారుమోగేది. ఆవిరికి ముఖం మాడినా, కాలి మీద వేడినీళ్ళు చిమ్మినా, ముందు బ్యాచ్ దింపి తర్వాత కాలు చూసుకునేవాళ్ళం, అదొక పౌరుషం, గొప్పగా చెప్పుకునేవాళ్ళం కూడా. కొంగ అని ఒకడుండేవాడు, పొడుగ్గా, మెడ వంచి నడిచేవాడు, నాకంటే మర్యాదస్తుడు, తలుపుకి గుద్దుకుంటే తలుపుకి క్షమాపణ చెప్పే రకం. తడి గుడ్డ ముడత పడిందని సర్దబోతే పిండే రోలర్లు వాడి వేళ్ళని పట్టుకున్నాయి. నేను అద్దాల గదిలో షేడ్ చూస్తున్నాను, అద్దంలోంచి కనిపించింది, కొంగ పెదాలు కదులుతున్నాయి, ముఖం ప్రశాంతంగా ఉంది, ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను. ‘కొంచెం ఆపుతారా అండీ’ అన్నాడట. మిషన్ల హోరులో ‘కొంచెం ఆపుతారా అండీ’ అన్నాడట, రెండోసారి కూడా అదే అన్నాడట, అండీ వదల్లేదు, మణికట్టు పోయింది, ముంజేయి పోయింది, ఎముక విరిగిన చప్పుడు హోరుని చీల్చుకుని నా అద్దం దాకా వచ్చింది, మోచెయ్యి దగ్గర రోలర్లే ఇక మింగలేక ఆగాయి. తొట్టిలో ఆ రోజు లేత పసుపు. అది ఏ రంగైందో నేను ఏ షేడు కార్డులోనూ రాయలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఏడవలేదు, చేతిలో ఉన్న గరిటెని గోడకేసి కొట్టింది. ‘అరవాల్సినచోట అండీ ఏంటండీ! అరిస్తే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా మీ మగాళ్ళకి?’ గోడమీద గరిటె దెబ్బకి పడ్డ సొట్ట ఇప్పటికీ ఉంది, సున్నం వేయిస్తున్నప్పుడు అది మాత్రం పూడ్చొద్దని మేస్త్రీకి చెప్పాను.

మంట.

ఉందా? చూద్దాం. సూది ఉన్నచోట, చేతి వెనక, మణికట్టుకి కొంచెం పైన, చీమ కూడా కాదు, చీమ ఆలోచన. ఐసుముక్క నాలుక మీద ఒకవైపు నుంచి ఇంకోవైపుకి జరిపాను. సిస్టర్ వెనక్కి లాగింది, రక్తం తోక కనిపించింది, కనిపించింది కదా, అంటే సూది నరంలోనే ఉంది. కాని తనే చెప్పింది మొన్న, తోక కనిపించినా పక్కనుంచి కారొచ్చు బాబాయ్ గారూ, నా సూది కన్నా మీ నోరే నాకు నమ్మకం అని. కారితే ఏమవుతుందో కూడా చెప్పింది, నరం లోపల ఉన్నంతసేపే ఇది మందు, బయట కండలో పడితే నిప్పు, ఈ రోజుకి ఎర్రబడుతుంది, తర్వాత బొబ్బ, తర్వాత పుండు, పుండు లోపలికి తవ్వుకుంటూ పోతుంది, చచ్చిన కణంలోంచి విడుదలై పక్క కణాన్ని చంపుతుంది, దాన్ని చంపి దాని పక్కదాన్ని, వారాల తరబడి, వేళ్ళని లాగే తాళ్ళు తెల్లగా బయటపడేదాకా. అందరికీ చర్మం ఎర్రబడటం చూసి సిస్టరే పట్టేస్తుంది. నా చెయ్యి అలా కాదు, ముప్ఫయ్యేళ్ళు రంగునీళ్ళలోనూ సోడాలోనూ నానీ మాడీ మొద్దుబారి నల్లబడిన తోలు, దాని మీద ఎరుపు పడితే కనిపించదు. ఎరుపు కనిపెట్టడమే వృత్తిగా బతికినవాడి చేతి మీద ఎరుపు కనిపించదు.

చెబుదామా. సిరంజి సగం దాటింది. నాలో ఎవరో మిల్లు పెద్ద నిలబడి ఉన్నాడు, సగం దాటిందిరా, ఇప్పుడాపితే గీత పడుతుంది అంటున్నాడు. పడుతుందేమో. లోపల ఎక్కడో సగం చచ్చిన గడ్డ, సగం తెగిన దారాలు, సగంలో ఆపితే మిగిలిన సగం బలిసి లేచొస్తుందేమో, ఈ పిల్ల పొద్దున్నించీ కూర్చోలేదు, నీళ్ళు తాగడానికి కూడా వెళ్ళలేదు, మళ్ళీ ఇంకో సూది, ఇంకో నరం, ఇంకో గంట, అవతల ఇంకో కుర్చీలో ఆవిడ ఎదురుచూస్తోంది, కొంచెం మంటే కదా. చీమ కాదు ఇప్పుడు. అగ్గిపుల్ల. ఎవరో అగ్గిపుల్ల గీసి చర్మం కింద పెట్టి, ఆర్పకుండా, మెల్లగా పొడుగునా గీస్తున్నారు.

“ఎలా ఉంది బాబాయ్ గారూ?”

తల ఊపాను. ఐసుముక్క ఉంది కదా నోట్లో. తల ఊపడం ఎంత సులువు. తల ఊపి తల ఊపే బతికేశాను, మాటలన్నీ మా ఆవిడే మాట్లాడేది, కూరగాయలవాడితో ఆవిడే, పక్కింటివాళ్ళతో ఆవిడే, బస్సులో నా జేబులో చెయ్యి పెట్టినవాణ్ణి గొడుగుతో చితక్కొట్టింది కూడా ఆవిడే, వాడు నా చొక్కా వెనక దాక్కుంటే నేను వాడికి అడ్డం నిలబడ్డాను, పోనీలే అన్నాను, ఇద్దరికీ తలో దెబ్బ పడింది. నీ దుంప తెగ అనేది. ప్రేమొచ్చినా అదే, కోపమొచ్చినా అదే, పాలు పొంగిపోయినా పాలనే తిట్టేది నీ దుంప తెగ అని. నాకు మాత్రం మర్యాద ఇచ్చి ‘మీ దుంప తెగ’ అనేది. ‘మీకు నోరు నేను, నాకు ఓర్పు మీరు, ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం’ అనేది. ఇప్పుడు నా దగ్గర ఓర్పు ఒక్కటే మిగిలింది. అది ఎంత ఉందంటే కాలుతున్న చెయ్యి పక్కన పెట్టుకుని కాలుతోందని చెప్పలేనంత ఉంది.

ఆవిడ పోయిందీ ఒక కాలడంతోనే. నాకే కాలింది, ఆవిడకి కాదు. టీ కెటిల్ ఆవిరికి ముంజేయి బొబ్బలెక్కితే చొక్కా చేతులు కిందికి దించి దాచి, ఎడమచేత్తో టీ పోసుకుంటున్నాను, చూసేసింది, నా మణికట్టు పట్టి లాగి చొక్కా చెయ్యి పైకి మడిచి, వంటింట్లో గిన్నెలు మోగిపోయేలా మొదలుపెట్టింది. ‘ఏమండీ, కాలితే కాలిందని చెప్పడానికి మీకేం—’ అంది. అక్కడ ఆగింది. ఎవరో తల మీద వెనకనుంచి సుత్తితో కొట్టినట్టు కళ్ళు ఒకసారి పెద్దవయ్యాయి, నోరు మాట ఆకారంలోనే ఉంది, పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. చెప్పడానికి మీకేం. ఏం? ఏం బాధ అనబోయిందా, ఏం మాయ, ఏం తెగులు, ఏం సిగ్గు? ఆ ఖాళీలో ఎన్ని మాటలు పెట్టి చూశానో, నమూనా పక్కన నమూనా పెట్టి చూసినట్టు, ఏదీ సరిపోలలేదు, ఏ మాటా ఆవిడ గొంతు షేడుకి రాలేదు. పట్టుకున్న నా మణికట్టుని మాత్రం వదల్లేదు పడుతున్నప్పుడు కూడా. ఇదే మణికట్టు. ఇప్పుడు కాలుతున్నది దానికి వేలెడు పైన.

బయట వరండాలో కూతురు కూర్చునుంది, లోపలికి ఒక్కరినే రానిస్తారు. ఇక్కణ్ణించి తిన్నగా రెండో షిఫ్టుకి వెళ్తుంది, తెల్లారి బయల్దేరితే మొదటి షిఫ్టు, అందుకే తన పాపకి జడలు వేసే పని నాది. నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది, మూడు పాయలు సమానంగా తీయాలి, తడిమి చూస్తే తెలుస్తుంది ఏ పాయ బరువో, నూలు లడి చేతిలో పట్టి బరువు చెప్పినట్టే, కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ కత్తెరలా పని చెయ్యాలి, పక్క పాయ మీంచి నడి పాయ, బిగువు తప్పకూడదు, బిగువు ఎక్కువైతే ‘తాతా, నా కళ్ళు చెవుల్లోకి పోతున్నాయి’ అంటుంది. నా జుట్టు ఊడిన రోజు నా గుండు నిమిరి, కాసేపు ఆలోచించి, ‘నీకు జుట్టు లేకపోయినా నాకు జడ వెయ్యడం మర్చిపోవు కదా’ అని అడిగింది. మర్చిపోను బంగారూ అన్నాను. వేళ్ళకి మతిమరుపు ఉండదన్నాను. తాళ్ళు తెగితే వేళ్ళకి ఏముంటుందో అప్పుడు ఆలోచించలేదు. తెల్లటి తాళ్ళు. పుండు అడుగున బయటపడ్డ తెల్లటి తాళ్ళు, వాటిని తెంపుతూ ఎరుపు, ఎడమచెయ్యి ఇప్పటికే సగం మొద్దు, పైకి లేవదు, ఇక కుడీ పోతే పాప దువ్వెన పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది, వెనక్కి తిరిగి కూర్చుంటుంది, ఎదురుచూస్తుంది.

ఇప్పుడు అగ్గిపుల్ల కాదు. కొలిమి. చర్మం కింద ఎవరో గునపం కాల్చి దించి తిప్పుతున్నారు, మణికట్టు నుంచి పైకి పిండే రోలర్లు ఎక్కుతున్నాయి, వేళ్ళు పోయాయి, ముంజేయి పోతోంది, తొట్టిలో లేత పసుపు ఎర్రబడుతోంది, కొంగ పెదాలు కదులుతున్నాయి, అద్దానికి ఇవతల నేను, అవతల నేను, కొంచెం ఆపుతారా అండీ, నా నోట్లో సరిగ్గా అదే మాట తయారవుతోంది, చల్లగా, మర్యాదగా, ఐసుముక్క చుట్టూ, కొంచెం, వీలైతే, మీకు ఇబ్బంది లేకపోతే, సిస్టర్ బొటనవేలు కిందికి వంగుతోంది, ఇంకొంచెం తోస్తుంది, అండీ కోసం వెతుక్కుంటున్నాను, మా ఆవిడ నా మణికట్టు పట్టుకుని పడిపోతోంది, నోరు మాట ఆకారంలోనే ఉంది, మీకేం, మీకేం, మీకేం—

“కాలుతోంది! ఆపు! నీ దుంప తెగ, ఆపూ!”

ఎవరు అరిచారా అని నేనే అటూ ఇటూ చూశాను. ఐసుముక్క తుపాకీ గుండులా వెళ్ళి ఎదుటి సెలైన్ స్టాండుకి తగిలి టంగుమని మోగి నేలమీద జారిపోయింది. గొంతులో ఏదో చిరిగింది. గదిలో అందరూ నావైపే చూస్తున్నారు, గుమ్మం దగ్గరి అమ్మాయి లేచి నిలబడింది, వరండాలోంచి కూతురు “నాన్నా!” అని పరిగెత్తుకొచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది, నాన్న అరవగా తను పుట్టాక వినలేదు. సిస్టర్ బొటనవేలు ఎప్పుడు ఆగిందో, సెలైన్ ఎప్పుడు కట్టేసిందో నాకు తెలియదు, నా మొదటి అక్షరానికే ఆగి ఉంటుంది, ఇప్పుడు ఖాళీ సిరంజి పెట్టి, సూది తీయకుండానే, లోపల పడ్డదాన్ని వెనక్కి లాగుతోంది, మెల్లగా, ఒక్క చుక్క, ఇంకో చుక్క, గులాబీ రంగు నీళ్ళు. ఆమె నుదుటిమీద చెమట. వేలి కొనతో నా చర్మం నొక్కి చూసింది, గట్టిగా ఉన్నచోటు కనిపెట్టింది, సూది తీసింది, చల్లటి సంచీ వేసింది, ఈసారి కూడా తువ్వాలు చుట్టి.

“కొంచెమే కారింది బాబాయ్ గారూ. ఇంకో రెండు తోపులు తోసి ఉంటే...” ఆ మాట పూర్తి చెయ్యలేదు. “డాక్టరుగారిని పిలిచాను, దీనికి విరుగుడు ఉంది, ఎక్కిస్తాం. చెయ్యి ఎత్తి పెట్టండి.”

“సారీ అమ్మా. నిన్ను ఏదో అనేశాను.”

“అన్నారా? నాకు ఆపు ఒక్కటే వినపడింది.” కళ్ళద్దాల వెనక ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. “మా అమ్మమ్మ కూడా అదే తిట్టేది లెండి.”

“నేను విన్నాను మొత్తం!” అంది కండక్టరమ్మ, తన చేతి సూది కదలకుండా పట్టుకుని కుర్చీలో సగం లేచి. “ఏం గొంతన్నయ్యా, డిపో దాకా వినపడి ఉంటుంది! ఇంతసేపూ కాలుతుంటే చెప్పడానికి నీకేం రోగం?”

మూలకుర్చీలో ముసలావిడ, ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండే ఆవిడ, కళ్ళు తెరవకుండానే, “ఏ రోగమో అట్ట మీద రాసి తగిలించారుగా,” అంది, గదంతా పగలబడి నవ్వింది, గుండుతలలు వెనక్కి వాల్చి, సూదులున్న చేతులు కదలకుండా పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వారు. నేను నవ్వలేదు. ఏం రోగం. అదే. గిన్నెలు మోగే వంటింట్లో ఆగిపోయిన ఆ చోట ఈ మాట వెళ్ళి కూర్చుంది, షేడు సరిగ్గా సరిపోయింది, నమూనా ఏదో గుడ్డ ఏదో తేడా తెలియనంతగా. ఏమండీ, కాలితే కాలిందని చెప్పడానికి మీకేం రోగం. అంతే కదా. అంత చిన్న మాట. దానికోసం ఎక్కడెక్కడ వెతికాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఎడమచెయ్యి లేవలేదు, కుడిచెయ్యి దిండు మీద ఎత్తి ఉంది, కారనిచ్చాను.

సిస్టర్ చల్లటి సంచీ కాసేపు పక్కకి తీసి, జేబులోంచి పెన్ను తీసి, వాపు చుట్టూ నా చర్మం మీద గీత గీసింది, ఇది దాటి పెరుగుతుందో లేదో రోజూ చూసుకోవాలట. నల్లటి తోలు మీద నీలం గీత. అదీ సరిగ్గా కలవలేదు, ఒకచోట ముదురుగా, ఒకచోట పలచగా, మొదలూ చివరా ఒకదాని మీద ఒకటి ఎక్కి. ముప్ఫయ్యేళ్ళు ఏ గీత పడకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశానో ఆ గీత. మధ్యలో ఆపితే పడే గీత. ఎంత అందంగా ఉందో. గొట్టంలో మిగిలిన ఎరుపు అలాగే నిలబడి ఉంది, ఎటూ కదలకుండా, మెడ పట్టి ఆపిన కుక్కలా, ఇంకా కోపంగానే ఉంది, మిగిలిన సగం మళ్ళీ ఎక్కాల్సిందే, మెడ కింద గొట్టం పెట్టించుకుంటాను, ఇంకో కోత, పడనీ, అది మళ్ళీ లోపలికి వచ్చి నా దారాలు తెంపుతుంది, తెంపనీ, ఇప్పుడు నాకు నోరుంది. లోపల ఇంకా మంటే, చల్లదనం కింద నిప్పు మూలుగుతూనే ఉంది, చూపుడువేలు కదులుతుందా. కదిలింది. మధ్యవేలు. కదిలింది, నొప్పితో అరుస్తూ కదిలింది. రెండూ కత్తెరలా. పక్క పాయ మీంచి నడి పాయ. ఇటు పాయ మీంచి మళ్ళీ నడి పాయ. బిగువు తగ్గకుండా.

“అన్నయ్యా,” అంది కండక్టరమ్మ, “గాల్లో ఏంటది, ఏం అల్లుతున్నావు?”

“జడ,” అన్నాను, గది మొత్తానికి వినపడేలా.